మీ తాత ఏటికి వదిలేసిన సెక్క

“అమ్మమ్మా, ఏటిగట్టు పొడుగునా మన పొలంలో తాత సెరుకు వెయ్యకుండా ఆ సెట్లెందుకు వదిలేసేడు? నాన్న కొట్టించేసి సరుగుడు వేద్దామంటే తాత ఊ అనడు, ఊహూ అనడు. లేచి ఎళ్ళిపోతాడు.”

అడిగేవా? మంచి పని సేసేవు. ఆ ఫోను అక్కడెట్టు, ఆ పీట మీద. పడతాదా అందులో నా మాట? పడితే సరే. మీ తాతని అడిగితే సెప్పడులే, సంధ్యా. ఆడు నాకు తమ్ముడు, నేనాడికి అప్పని, అందుకే నీకు అమ్మమ్మ వరసయ్యేను. సిన్నప్పుణ్ణించీ ఆడి కడుపులో మాట బయటికి రావాలంటే నేనే లాగాల. మా అమ్మ కొట్టినా సెప్పీవోడు కాదు.

ఆ గట్టు పక్క నేల సెక్క సంగతి సెప్పాలంటే ముందు మా ఆయన సంగతి సెప్పాల. నువ్వు ఆయన్ని సూసేవు గానీ, నీకు ఊహ తెలిసీసరికే ఆయన కళ్ళు పోయేయి. నల్లద్దాలెట్టుకుని అరుగు మీద కూకుంటే నువ్వు భయపడి మీ అమ్మ కొంగులో దూరీదానివి. గేపకం నేదా? పోన్లే.

ఆయన బెల్లం వండీవోడు. సెరుకు నరికే రోజులొత్తే ఇంటి మొహం సూసీవోడు కాదు, గానుగ కాడే తిండి, గానుగ కాడే పడక. ఒళ్ళంతా పాకం వాసన. పెళ్ళైన కొత్తలో నాకు ఆ వాసనకి తల తిరిగీది, తరవాత అది నేపోతే నిద్ర పట్టీది కాదు. సరే, బెల్లం పని అయిపోయిందా, ఇంక మడిసి ఏటికాడే. గేలం పిచ్చి. సేపల్లేకపోతే ముద్ద దిగదని కాదు. అక్కడ కూకోడం కావాల ఆయనకి. ఆ రోజుల్లో పది పైసలెడితే బజార్లో గేలం ముల్లొచ్చీది, ఇప్పుడు ఆ పది పైసల బిళ్ళ సూపెడితే కొట్టోడు మనకేసి అదోలా సూత్తాడు. వెదురు కర్రకి నైలాను దారం, దారానికి ఒక బెండు ముక్క, కింద ముల్లు, ముల్లుకి వానపాము. అంతే. అదే ఆయన ఆస్తి.

కళ్ళు మెల్లిగా పోయేయమ్మా. ముందు పక్కలవి కనపడ్డం మానేసేయి. గడప తన్నుకునీవోడు, దూడ మీద పడీవోడు. పొయ్యి కాడ పొగని ఊళ్ళోవోళ్ళు అన్నారు గానీ, ఇశాపట్నంలో డాకటరు అది కాదు, కంట్లో నీటికాసులు, ముందే వచ్చుంటే కొంత నిలబడీది అన్నారు. ఏటి సేత్తాం. అటు తరవాత గానుగ మానేసేడు. గేలం తీసి ఇంటి సూరులో దోపేసేడు.

ఒక ఏడాది అలగే గడిసింది. ఆ అరుగు మీద కూకుని ఒక్క మాట లేకుండా... నేను సూళ్ళేకపోయేనే. ఒకనాడు పొద్దున్నే సూరులోంచి గేలం తీసి ఆయన సేతిలో ఎట్టేను. నడు అన్నాను.

“అక్కడికొచ్చి నేనేటి సేత్తానే, బెండు కనపడదు” అన్నాడు.

“బెండు నేను సూత్తాను. కర్ర నువ్వు పట్టుకో” అన్నాను.

నాకేటి తెలుసు గేలం సంగతి? సేప కూర వండడం తెలుసు గానీ. ఆయన సెయ్యట్టుకుని మీ తాత పొలం గట్టంట తీసుకెళ్ళేను. అక్కడ ఏరు వంపు తిరుగుతాది కదా, దాన్ని మద్దుల మడుగు అనీవోళ్ళు. నీళ్ళలోకి ఒంగిన మద్ది సెట్లు, ఆటి వేళ్ళు గట్టులోంచి బయటికొచ్చి నీళ్ళలో దిగిపోయి ఉండీవి. ఇటు మొగలి డొంకలు, అటు రెల్లు. అక్కడ కూకున్నాం. బెండు మునిగితే లాగు అంటాను. నేను లాగు అనీసరికి సేప ఎర తినేసి ఎలిపోయీది. నేపోతే బెండు ఊరికినే ఊగితేనే లాగు అనీదాన్ని, ఉత్త ముల్లొచ్చీది. ఆయన నవ్వీవోడు. ఏడాది తరవాత ఆయన నవ్వడం అప్పుడే సూసేను. సేప పడకపోతే మాన్లే, రోజూ తీసుకొత్తాను అనుకున్నాను మనసులో.

పోగా పోగా నాకూ పట్టుబడింది. జెల్ల అయితే బెండుని పొడుసుకుంటూ లాగుతాది, కొర్రమీను ఒక్కసారే పట్టుకుపోతాది. ఆయనేమో సెవుల్తో సూసీవోడు. ఇదిగో లకుముకి పిట్ట వచ్చింది, పరిగె సేపలు పైకి తేలినట్టున్నాయి అనీవోడు. సూత్తే నిజమే. గాలి రెల్లులోంచి వత్తే ఒక సప్పుడంట, మద్ది ఆకుల్లోంచి వత్తే ఇంకో సప్పుడంట. కొమ్మలకి నీళ్ళ మీదకి ఏలాడుతూ గిజిగాళ్ళ గూళ్ళుండీవి, అవి కట్టుకునీ రోజుల్లో ఆ గోల గోల కాదు, మనం మాటాడుకుంటే వినపడదు. ఆయనకి అదే సంబరం. నీటికోడి పిల్లల్నేసుకుని డొంకలోంచి వచ్చిందంటే నన్ను కదలొద్దని నా మోకాలు మీద సెయ్యేసి నొక్కీవోడు. నేను నలభై ఏళ్ళు ఏటికి బట్టలుతకడానికెళ్ళేను తల్లీ, ఇవన్నీ అక్కడున్నాయని కళ్ళు లేని మడిసి సూపిత్తే నాకు తెలిసింది.

ఇంక మీ తాత సంగతికొత్తాను.

ఆ ఏడు తుపాను వచ్చింది. ఏరు పొంగి పొలాల మీద పడింది. ఎదిగిన సెరుకు నీళ్ళలో రోజుల తరబడి పడుకునుంది. కుళ్ళిపోయింది. మీ తాత ఆ సేలో మోకాల్లోతు బురదలో నిలబడ్డం నేను సూసేను. ఏడవలేదు. ఏడిస్తే బాగుణ్ణు అనిపించింది. తరవాత రైతులంతా కూడి ఏరు పూడుకుపోయింది, గట్ల మీద డొంకలు, సెట్లు పెరిగిపోయి నీళ్ళు పోవట్లేదు, శుభ్రం సేయించండని ఆఫీసుల సుట్టూ తిరిగేరు. అందర్లోనూ ముందు తిరిగినోడు మీ తాత. ఆడిది తప్పని నేనెప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. పంట పోయినోడు ఏదో ఒకటి సెయ్యాల కదా.

ఎండాకాలం పొక్లెయిను వచ్చింది. ఆ వారమంతా మా ఆయనకి జొరం. మేం ఏటికెళ్ళలేదు. దూరంగా మెషీను సప్పుడు వినపడీది గానీ, ఎక్కడో ఇసక తీత్తన్నారనుకున్నాం. జొరం తగ్గేక పొద్దున్నే బయల్దేరేం. గట్టు మీద కొంత దూరం నడిసేక ఆయన ఆగిపోయేడు.

“దారి తప్పేవేటే?” అన్నాడు.

నేదు అన్నాను.

“మరి నా మొహం మీద ఎండ పడతందేటి?”

నేను సుట్టూ సూసేను, సంధ్యా. ఏటి సెప్పను? మద్దులు నేవు. మొగలి డొంక నేదు. గట్టుని గడ్డం గీసినట్టు గీసేసేరు. ఎర్రమట్టి, వేళ్ళ ముక్కలు, అంతే. గిజిగాళ్ళ గూళ్ళు బురదలో తొక్కేసి ఉన్నాయి. నీటికోడి ఒకటి అటూ ఇటూ పరిగెడతంది, దూరడానికి ఒక ఆకు నేదు దానికి. ఉడుము సచ్చి పడుంది. నేను సెప్పకముందే ఆయనకి తెలిసిపోయింది. కిందకి ఒంగి సేత్తో మట్టి తడిమేడు. నీళ్ళ కాడికి తీసుకెళ్ళమన్నాడు. కాళ్ళెట్టి, నీళ్ళు యేడెక్కేయి అన్నాడు. అయినా గేలం ఏసేం. మజ్జానం దాకా కూకున్నాం. బెండు కదల్లేదు. పిట్ట కూత నేదు. మర్నాడూ ఎళ్ళేం. ఆ మర్నాడూ. కొర్రమీను నీడ నేని కాడ నిలబడదమ్మా, దానికి వేళ్ళ సందు కావాల, పిల్లల్ని దాసుకోడానికి గడ్డి కావాల. ఎక్కడుంటాది పాపం.

నాలుగో నాడు నేను గేలం తీత్తే, వద్దులే అన్నాడు. ఆయన గొంతులో కోపం ఉంటే నేను ఓర్సుకుందును. కోపం కాదది. మళ్ళీ అరుగెక్కి కూకున్నాడు. మాట తగ్గిపోయింది, తిండి తగ్గిపోయింది. ఇలగయితే ఈ మడిసి నాకు దక్కడు అనుకున్నాను.

మీ తాత ఇంటికెళ్ళేను. ఇలాగిలాగని సెప్పేను. ఆడు తల దించుకుని, “అప్పా, నీకు ఏరు కావాల, నాకు సెరుకు కావాల. ఇంకో తుపానొత్తే నా పిల్లలేటి తింటారు?” అన్నాడు. నేను లేచి వచ్చేసేను. ఆ తరవాత ఆడూ మా ఇంటికి రాలేదు, నేనూ ఎళ్ళలేదు. వినాయకసవితికి మీ నాయనమ్మ బూరెలు పంపింది. తీసుకున్నాను, గిన్నె కడిగి పంపేను. అంతే.

వానలొచ్చేయి. తుపాను కూడా కాదు, మామూలు వానలే. ఏరు ఎర్రగా పారింది. గీసేసిన గట్టు తడిసి, కింద నుంచి తినేసి, ముక్కలు ముక్కలుగా జారిపోడం మొదలెట్టింది. పట్టుకోడానికి వేరు నేదు కదా. మీ తాత సేలో సెరుకు వరసలు నిలబడ్డవి నిలబడ్డట్టే ఏట్లోకి ఎలిపోయేయి. ఊళ్ళోవోళ్ళు వచ్చి సెప్తే తింటన్న కంచం పక్కనెట్టేసేను. ఎంతయినా తోడబుట్టినోడు.

అదయిన కొన్నాళ్ళకి ఒక సాయంత్రం ఆడే వచ్చేడు. కాళ్ళు కడుక్కుని, నా వైపు సూడకుండా తిన్నగా ఎళ్ళి మా ఆయన పక్కన అరుగు మీద కూకున్నాడు. నేను లోపల దీపం ఎడుతున్నాను.

“బావా, గట్టు జారిపోయింది. పై వంపులో, సెట్లున్న కాడ మాత్రం ఇంత మట్టి కూడా జారలేదు” అన్నాడు.

ఈయన ఏటంటాడో అని నేను తలుపు కాడికి వచ్చేను. నా సెట్లు కొట్టించేవు, బాగా అయింది అనొచ్చు కదా. అనలేదు. ఎంత పోయిందిరా, ఈ యేడు తిండికుంటాదా అనడిగేడు. అప్పుడు ఏడిసేడమ్మా మీ తాత. సెరుకు కుళ్ళిపోయినప్పుడు ఏడవనోడు.

ఇనుకో. పై వంపు అంటే మీ పొలానికి ఆ సివర. అక్కడింకా మద్దులు, మొగలి డొంకలు ఉన్నాయి. మెషీను అక్కడిదాకా రాకముందే వానలొచ్చేయని ఆగిపోయింది. వచ్చే ఎండాకాలం ఆ ముక్క కూడా గీసేత్తారని అందరికీ తెలుసు. మర్నాడు పొద్దున్న మీ తాత బండి తెచ్చి మా ఆయన్ని ఎనకాల కూకోబెట్టుకున్నాడు. గేలం నేను పట్టుకుని ఎనకాల నడిసేను. నేనెళ్ళీసరికి ఇద్దరూ సెట్టు కింద కూకునున్నారు. బెండు సూసే పని ఆడికిచ్చేసేను. ఆడు అంతకు ముందు ఏట్లో మోటారు పెట్టేడు గానీ, ఏటికాడ ఊరికినే కూకున్న మడిసి కాదు. కూకున్నాడు. ఆయనేదో మెల్లిగా సెప్తన్నాడు, ఇదిగో ఇది ఫలానా పిట్ట, ఇది ఫలానా సప్పుడు అని, ఆడు ఇంటన్నాడు. ఆ రోజు ఆడి సేనుకి నీళ్ళు పెట్టుకునే వంతు. మరిసిపోయేడు. ఎండ నెత్తిమీదకొచ్చేదాకా గేపకం రాలేదు. నేను గేపకం సెయ్యలేదు.

ఎండాకాలం వచ్చింది, మెషీను వచ్చింది. తోలీవోడు రావికమతం వైపు కుర్రోడు, మర్యాదస్తుడు. నా పని నేను సెయ్యాల మావా అన్నాడు. మీ తాత, ఈ పని సేయిత్తన్న ఇంజినీరమ్మ వచ్చీదాకా ఆగు బాబూ అని, ఆడికి టిఫినెట్టించి కూకోబెట్టేడు. ఇంజినీరమ్మ వచ్చింది. సదువుకున్న పిల్ల, నీలాగే. ఊరికినే కసరలేదు. గట్టంతా నడిసింది, జారిన కాడ దిగి సూసింది. మీ తాత సెప్పేడు, నీళ్ళు ఆగుతున్నది సెట్ల కాడ కాదమ్మా, కింద వంతెన కాడ గుర్రపుడెక్క, టౌను నించి కొట్టుకొచ్చిన సెత్తా పేరుకుని ఆగుతున్నాయి, అది తీయించండి, ఇది వదిలేయండి అని. నాకూ ఆ అనుమానం ఉంది, కానీ కొట్టమని అడిగింది మీ రైతులే కదండీ అంది ఆ పిల్ల. అవును, అడిగింది నేనే, ఇప్పుడు వద్దంటున్నదీ నేనే అన్నాడు మీ తాత. అంత మందిలో ఆ మాట అనడానికి ఆడికెంత కష్టమయిందో నాకు తెలుసు.

అక్కడే గొడవయింది. పక్క పొలాలోళ్ళు ఊరుకుంటారా? నీ బావ గేలం కోసం మా పంటలు ముంచుతావేటి, సెట్లుండి నీళ్ళు పొర్లితే ఎవులు పూచీ అన్నారు. ఆళ్ళ భయం ఆళ్ళది. ఆళ్ళూ తుపానుకి నష్టపోయినోళ్ళే. మీ తాత ఏటికేసి సూసేడు, సేనుకేసి సూసేడు.

“ఈ వంపు నించి ఆ సివరదాకా గట్టు పక్క సెక్క నేను ఏటికి వదిలేత్తన్నాను. అందులో సెరుకు ఎయ్యను. నీళ్ళు పొర్లితే ముందు నా సెక్కలోకే వత్తాయి” అన్నాడు.

ఆళ్ళు ఒకరి తరవాత ఒకరు గట్టు దిగిపోయేరు. ఇంజినీరమ్మ మెషీనుని వంతెన కాడికి పంపించేసింది. మా ఆయన అదంతా ఇంటా నా పక్కనే నిలబడున్నాడు. ఇంటికొచ్చేక, నీ తమ్ముడికి ఈ రాత్రి సేపల పులుసు వండవే అన్నాడు. ఏటి సేప? మనకి పడింది నేదు కదా. బజారుకెళ్ళి కొనుక్కొచ్చేను. మామిడికాయేసి వండేను. ముగ్గురం తిన్నాం. ఆడు రెండోసారి ఎట్టించుకున్నాడు.

అదమ్మా, ఆ సెక్క.

తరవాత వరద రాలేదని సెప్పను. వచ్చింది. ఆ సెక్కలోకి పొర్లింది, కొన్నాళ్ళు నిలబడింది, ఎలిపోయింది. మీ తాత సెరుకు కొంత పాడయింది, అంతా పోలేదు. పక్క పొలాల్లోకి మునపటంత రాలేదు. గట్టు కదల్లేదు. గీసేసిన కాడ కూడా మీ తాతా నేనూ కానుగ మొక్కలు, మద్ది మొక్కలు ఎట్టేం. రెల్లు దానంతటదే వచ్చేసింది, దాన్ని ఎవులూ పిలవక్కర్లేదు. మొదటి రెండేళ్ళు మేకలు తినేసేవి, మీ తాత ముళ్ళకంప కట్టేడు. కానుగలు తొందరగా లేసేయి. మద్దికి టైము పడతాది.

ఒకనాడు ఆ కింద వంపులో నడుత్తంటే మా ఆయన ఆగి, గిజిగాడు వచ్చేడే అన్నాడు. నాకేటీ కనపడలేదు. నీకు సెవులు మరీ ఎక్కువ పనిసేత్తన్నాయి అన్నాను. వారం పోయేక సూత్తే కానుగ కొమ్మకి సగం కట్టిన గూడు. ఒక్కటే. మరుసటేడు లెక్క నేదు.

కొర్రమీను కూడా వచ్చింది. ఆ రోజు సెప్పాల నీకు. నీళ్ళ మీద కుంకం సల్లినట్టు ఎర్రగా ఏదో ముద్దలాగ తేలతంది. ఏటిదని ఆయన్నడిగేను. ఎర్రగా ఉందా, కదులుతందా అని రెండుసార్లడిగేడు. గబగబా గేలం పైకి లాగేసేడు. అవి కొర్రమీను పిల్లలే, తల్లి కిందనే ఉంటాది, దాన్ని పట్టుకుంటే ఆ పిల్లలన్నీ ఒక్క పూటలో పోతాయి అన్నాడు. ఆ నెలంతా ఆ వంపులో గేలం ఎయ్యలేదు. ఊరికినే ఎళ్ళి కూకునీవోళ్ళం. ఎంతయ్యేయే, ఎంతయ్యేయే అని రోజూ అడిగీవోడు, నేను ఏలుతో ఇంత అని ఆయన సేతి మీద కొలిసి సెప్పీదాన్ని.

అలగ ఇంకా కొన్నేళ్ళు బతికేడు తల్లీ. బాగా బతికేడు. పోయే ముందు వారం కూడా మీ తాత బండి మీద ఏటికెళ్ళొచ్చేడు. అందరూ కళ్ళు నేని మడిసితో ఎంత కష్టపడ్డావో అంటారు నాతోటి. నేను కష్టపడ్డానని నాకనిపించదు. పెళ్ళయిన కొత్తలో గానుగ కాడే ఉండిపోయిన మడిసి, ఆకర్న అన్నేళ్ళు రోజూ నా పక్కన కూకున్నాడు. ఎంతమందికి దొరుకుతాది అది? దేవుడు నాకేటి తక్కువ సెయ్యలేదు. మీ తాత అసలే సెయ్యలేదు.

ఇప్పుడు నేను గేలం ఎయ్యను, కళ్ళు మసకలు. ఎళ్ళి కూకుంటాను. టౌను నించి ఒక సాయిబుగారు వత్తారు, కుట్టుమిషన్లు బాగుసేసీవోరు. శుక్రవారం నమాజయ్యేక సైకిలు మీద గేలం కట్టుకుని వచ్చి, ఆ కానుగల కింద కూకుంటారు. పెద్దమడిసి. మొన్న నా దగ్గరికొచ్చి, ఇంత సల్లగా ఉంది ఇక్కడ, ఈ సెట్లెవరేసేరమ్మా అనడిగేరు. కొన్ని దేవుడేసేడు బాబూ, కొన్ని మా తమ్ముడేసేడు అన్నాను. ఆయన నవ్వేరు. అయితే ఇద్దరికీ నా సలాం సెప్పండి అన్నారు.

దేవుడికి ఆ రాత్రే సెప్పేసేను. మీ తాతకి ఇంకా సెప్పలేదే. నేను సెప్తే ఆడు లేచి ఎలిపోతాడు. నువ్వు సెప్పు. నువ్వంటే ఆడికి పేనం, కూకుని ఇంటాడు. నువ్వు సల్లగా ఉండు తల్లీ, నువ్వు కూకున్న కాడ నీకు నీడ ఉండాల... ఇంకేటి సెప్పాలనుకున్నానో... ఆ, మీ నాన్నకి కూడా ఈ ఫోనులో మాటంతా ఇనిపించు.